కొండమీద ఉప్పుమడి

దాలమ్మ పొయ్యిరాళ్లవలసలో అరవై ఏళ్లు కాపురం చేసింది. అన్నేళ్లలోనూ ఆ కొండమీద ఒక్క ఉప్పురాయి పండించిన పాపాన పోలేదు. అయినా ఊరివాళ్లు చివరిదాకా ఆమెను ఉప్పు దాలమ్మ అనే పిలిచారు. పనసపాలు చేతికి అంటితే నూనె రాస్తే వదులుతుంది, పేరు అంటితే దేనికీ వదలదు. ఆ పేరు ఎందుకు అంటిందో చెప్పాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి.

మందస దాటి పడమటి కొండలెక్కితే ఒక పూట నడకలో ఆ పల్లె వస్తుంది. ఇరవై రెండు గడపలు. ఊరు ఏటవాలుగా ఉండటంతో పై ఇంటి గుమ్మంలో నిలబడితే కింది ఇంటి పెరట్లో ఏం ఉడుకుతోందో కనిపిస్తుంది. ఇక దాపరికమన్న మాటకు చోటేది? నేలంతా నల్లరాళ్లు. నాగలి పది అడుగులు సాగితే పదకొండో అడుగున రాయి తగిలి ఎద్దులు ఆగిపోతాయి. ఆ రాళ్లు కాలి మాడినట్టు ఉంటాయి. భీముడు వనవాసంలో ఇక్కడే పొయ్యి పెట్టుకున్నాడని, ఆ మంటకు కొండ కొండంతా మాడిందని ముసలివాళ్లు చెబుతారు. మంట ఆరినా బూడిద బలం మాత్రం నేలలో ఉండిపోయింది. చోళ్లనే రాగులు, సామలు, కందులు, పసుపు, ఏది వేసినా విరగపండేది.

వరి ఒక్కటే పండేది కాదు. వానొచ్చిందంటే నీళ్లు ఆ ఏటవాలు మీద ఒక్క క్షణం నిలవకుండా కిందికి పరుగెత్తేవి. పొద్దున చోడి అంబలి, రాత్రి చోడి ముద్ద, అదే తిండి. తెల్లన్నం మొహం చూడాలంటే ఇంట్లో పెళ్లో చావో అన్నప్రాశనో జరగాలి. అప్పుడు ఎవరో ఒకరు పసుపు మూట భుజానేసుకుని కిందికి దిగి, బదులుగా కుంచెడు బియ్యం తెచ్చేవారు. కొలిచి పోసేటప్పుడు కింది ఊరివాళ్లు నవ్వేవారు. "కొండోల్లకి కూడా అన్నం రుసి తెలిసిపోనాదేటి!" ఆ నవ్వును కూడా బియ్యంతో పాటే మూటకట్టుకుని కొండెక్కాలి.

నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు చిన్న రైలు వేసి పదేళ్లు దాటిన రోజులవి. ఊరందరికీ ఉప్పు తెచ్చే పని నీలకంఠానిది. పాతికేళ్లవాడు, మాట తక్కువ, కావడి మోతలో మాత్రం మొనగాడు. ఏడాదికి రెండుసార్లు నౌపడ దాకా నడిచి ఉప్పు తెచ్చేవాడు. అలాంటిది ఒక ఎండాకాలం రెండు నెలల్లో నాలుగుసార్లు వెళ్లాడు. నాలుగోసారి, సముద్రపు నీళ్లు ఎండగట్టే ఉప్పుమళ్లలో పనిచేసే పోలారావు అతన్ని ఎగాదిగా చూసి, "ఏటి నాయనా, మీ ఊరోల్లు ఉప్పుతోటే ఇల్లు కట్టుకుంతన్నారేటి?" అని అడిగాడు. నీలకంఠం పోలారావు భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు. అతని చూపు ఎటు పోయిందా అని పోలారావు వెనక్కి తిరిగితే, మడిలో తన కూతురు దాలమ్మ చీర పైకి దోపి అడుసు తొక్కుతోంది. ఇక అడగడానికి ఏం మిగిలింది? ఆ మాఘంలోనే పెళ్లయిపోయింది.

దాలమ్మ పొట్టిగా, గట్టిగా ఉండేది. నవ్వితే కొండ కింది వరకు వినపడేది. పుట్టింట్లో ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. ఉప్పుమడి అడుగును అరచెయ్యంత చదునుగా, రాయంత గట్టిగా పాదాలతో తొక్కడం. అడుగులో వెంట్రుకవాసి ఎత్తుపల్లాలున్నా నీళ్లు ఒక పక్కకు చేరిపోతాయి, ఉప్పు కట్టదు. అందుకే అక్కడి ఆడవాళ్ల పాదాలకు కళ్లుంటాయంటారు. ఆ కళ్లున్న పాదాలు వచ్చి వచ్చి ఈ ఏటవాలు మీద పడ్డాయి.

దాదాపు రెండేళ్లు హాయిగా గడిచాయి. అత్త మహాలక్ష్మమ్మ నోరు పదును, మనసు మెత్తన. కోడలు నెల తప్పిందని తెలియగానే వేళ్లు మడిచి లెక్క వేసేసింది.

"ఆడపిల్లైతే కార్తీకంలో అన్నప్రాశన, మగపిల్లడైతే ఆపై నెల. ఒరే నీలకంఠం, పసుపు ఇప్పట్నించే దాసు. బియ్యానికి కిందికెల్లాల."

దాలమ్మ చేతిలో అంబలి ముంత అలాగే ఉండిపోయింది. పుట్టింట్లో పప్పూ కూరా ఉన్నా లేకపోయినా వరిమెతుకు రోజూ ఉండేది. అంబలికి ఆమె మనస్ఫూర్తిగా అలవాటు పడింది, అందులో వంక లేదు. కానీ తన బిడ్డ నోట్లో పడే తొలి మెతుకు కింది ఊరివాడి నవ్వుతో కలిపి తెచ్చిందా? ముంత కింద పెట్టేసింది.

"అత్తా, నా బిడ్డకి మనూరి బియ్యమే ఎడతాను."

"మనూరి బియ్యమా! ఏ సెట్టుకి కాసినాయే?" అని మహాలక్ష్మమ్మ పకపకా నవ్వింది.

మర్నాడే దాలమ్మ ఊరి కింద ఉన్న గేదెల మడుగు దగ్గరికి వెళ్లి నిలబడింది. అక్కడ బండల సందులోంచి ఏడాది పొడుగునా ఊట కారేది. ఆ బురదలో ఊరి గేదెలు మధ్యాహ్నాలు పొర్లేవి. చోళ్లు వేస్తే వేళ్లు కుళ్లిపోతాయని ఆ చోటును ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లున్నాయి, బలమైన మన్నుంది, లేనిదల్లా చదును. చదును చేయడం తనకు పుట్టుకతో వచ్చిన పని. ఆమెకు ఆ పూట ఆకలి కూడా వేయలేదు.

మడుగు ఉమ్మడిది గనుక ఊరిపెద్ద ధర్మారావు ఒప్పుకోవాలి. ఆయన చుట్ట మూడు దమ్ములు లాగితే గాని ఒక మాట చెప్పడు. దాలమ్మ అడిగిన నాడు ఆరు దమ్ములు లాగాడు.

"కొండమీద వరేటే? మా తాతలకి తెలీదా? సరే, సేసుకో. కార్తీక పున్నమి దాకా నీది. ఆనాటికి పంట ఇంటికి రాపోతే గట్టు తెగ్గొట్టీసి మడుగు గేదెలకిచ్చీయాల. మల్లా అడక్కూడదు."

"అడగను మావా," అంది దాలమ్మ.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. మాఘం, ఫాల్గుణం రెండు నెలలూ ఆమె ఆ మడుగులోనే ఉంది. నీలకంఠం రాళ్లు తీసి చుట్టూ గట్టు పేర్చాడు. ఆమె మట్టి పోసి తొక్కింది. ఊటకు కాలువ తీసి వేలెడు లోతు నీళ్లు నిలిపింది. నీళ్లలోంచి పైకి తేలిన చోట మట్టి తీసి, మునిగిన చోట వేసింది. నీళ్లు వదిలేసి మళ్లీ తొక్కింది, మళ్లీ నింపి మళ్లీ చూసింది. కడుపుతో ఉన్నదానివి కూర్చోవే అని అత్త గట్టుమీదికొచ్చి కేకలేసేది. కేకలేస్తూనే కొంగులో తెచ్చిన పనసగింజలు తినిపించేది.

ఆ తొక్కుడు చూడటానికి ఊళ్లో ఆడవాళ్లందరూ వచ్చేవారు. వాళ్లలో పక్కింటి దేముడమ్మ ఒకతె. నోట్లో నువ్వుగింజ నానదు, చెవిన పడ్డది కడుపులో ఇమడదు. మంచి మనిషే, కాని సగం విని మిగతా సగం తానే వండుకునే రకం.

"ఇలగ తొక్కడం నీకెవలు నేర్పినారే?"

"మా అయ్య. మా నౌపడలో ఉప్పుకి ఇలగే తొక్కుతాం అప్పా," అంది దాలమ్మ ఊపిరి పీల్చుకుంటూ.

అంతే. ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది, నీలకంఠం పెళ్లాం కొండమీద ఉప్పు పండిస్తోందని! ఇందులో వాళ్ల తప్పు కూడా లేదు. ఆ ఊళ్లో నీలకంఠం తప్ప ఉప్పుమడి కళ్లజూసినవాడు లేడు. వాళ్లకు తెలిసినంతలో మనిషి తినేదేదైనా నేలలో విత్తితే మొలిచేదే. ఉప్పు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడుతుందా? ఆ పైన దాలమ్మ ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వెళ్లడంతో కాదని చెప్పేవాళ్లు లేకపోయారు. నీలకంఠాన్ని అడిగితే, వేళాకోళమనుకుని అతను నవ్వి ఊరుకున్నాడు.

"పురుడొంకతో ఎల్లినాది గానీ, ఉప్పు ఇత్తనం తేడానికే," అని దేముడమ్మ తేల్చేసింది.

ఊరు ఉప్పొంగిపోయింది. ఇక రెండ్రోజులు నడిచి ఉప్పు మోసుకు రానక్కర్లేదు. మందస సంతలో పొయ్యిరాళ్లవలసవాళ్లు మీసాలు దువ్వారు. "వచ్చే ఏటి నుంచి మా ఉప్పు మాదే. మీకూ కావాలంటే కొండెక్కి రండి." సంతలో అన్న మాట సంతలోనే ఆగుతుందా? గోరంత మాట కాళ్లొచ్చి నడుచుకుంటూ పోయింది.

జ్యేష్ఠం చివర దాలమ్మకు ఆడపిల్ల పుట్టింది. పార్వతి అని పేరు పెట్టుకున్నారు. శ్రావణం రాగానే దాలమ్మ కొండకు పోతానని పట్టుబట్టింది. రెండు నెలలైనా నిండని పసిదాన్ని వానల్లో తీసుకుపోతావా అని తల్లి గగ్గోలు పెట్టింది. దాలమ్మ వింటేనా! నౌపడ పక్క చేలో నారు అడిగి, కట్టలు కట్టి, తడి గోనెలో చుట్టింది. నీలకంఠం కావడి ఒక బుట్టలో నారు, ఇంకో బుట్టలో మెత్తటి గుడ్డల మీద పార్వతి. నారు బరువెక్కువై కావడి ఒరిగిపోతుంటే పిల్ల కాళ్ల దగ్గర ఒక బండరాయి పెట్టి సరిచేశారు. దారి పొడుగునా జనం ఆగి చూసి నవ్వారు. "ఏటిరా, పిల్లనీ నాటీత్తావేటి?" అని టెక్కలి దగ్గర ఒక ముసలాయన అడిగితే, ఎన్నడూ మాట్లాడని నీలకంఠం, "రెండూ ఏపుగా ఎదగాల గదా తాతా," అన్నాడు. ఆ మాటకు దాలమ్మ రెండు మైళ్లు నవ్వుతూనే నడిచింది.

నాట్లయ్యాయి. నీళ్లు మడి నిండా ఒకే లోతున అద్దంలా నిలిచాయి. పైరు పచ్చగా లేచింది. గేదెలు మాత్రం రోజూ మధ్యాహ్నం వచ్చి గట్టు అవతల నిలబడి, తమ ఇల్లు ఎవరో ఆక్రమించినట్టు చూసి వెళ్లిపోయేవి.

"ఇది వరి అప్పా, ఉప్పు కాదు," అని దాలమ్మ వందసార్లు చెప్పింది. దేముడమ్మ వందసార్లూ కన్నుగీటింది.

"నాకు తెలుసే. సర్కారోడు సూత్తాడని పైకి వరి కప్పినావు. అడుగున ఊరతన్నాది అసలు సరుకు. ఎవల్తోనీ అనను, ఒట్టు!"

సర్కారు అనుమతి లేకుండా ఉప్పు పండిస్తే నేరమని అప్పటికి వాళ్లకూ తెలిసింది. దాంతో ఊరంతా కట్టుబడి రహస్యం దాచడం మొదలుపెట్టింది. లేని రహస్యాన్ని అంత శ్రద్ధగా దాచిన ఊరు భూమ్మీద ఇంకోటి ఉండదు.

ఆశ్వయుజం చివర కంకులు గింజ గట్టిపడి బరువెక్కి వంగే వేళకు, సర్కారు ఉప్పు జమేదారు గణపతిరావు కొండెక్కాడు. యాభై ఏళ్ల మనిషి, బొజ్జ ముందు నడుస్తుంటే వెనక తను. వెంట ఇద్దరు జవాన్లు. ఊరి మొదట్లోనే బండమీద కూలబడి రొప్పుతూ, "ఈ ఊళ్లో ఉప్పు ఎవరు పండిస్తున్నారు?" అని అడిగాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది ఊరి పని.

"ఉప్పా? ఉప్పంటే ఏటి బావూ?" అన్నాడొకడు.

"మేం ఉప్పే తినం బావూ! మా తాతల కాడ్నించీ పడదు," అంది దేముడమ్మ.

ఆ మాట అన్నాక దాన్ని నిలబెట్టాలి కదా. ఇళ్లలోని ఉప్పు కుండలు చకచకా అటకెక్కాయి, గడ్డివాముల్లో దూరాయి. నౌపడలో కొనితెచ్చిన సొంత ఉప్పే అది. మహాలక్ష్మమ్మ దాహంతో ఉన్న జమేదారుకు ముంతెడు అంబలి ఇచ్చింది, ఉప్పు వేయకుండా! గణపతిరావు రెండు గుటకలు మింగి మొహం చిట్లించాడు. ఉప్పే తినమనే ఊరిని ఆయన ఉద్యోగంలో ఇదే మొదట చూడటం. అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోయింది.

జవాన్లు మడి కనిపెట్టడానికి ఎంతసేపు? గణపతిరావు గట్టుమీద నిలబడి ఒకసారి కలియజూశాడు. ఇరవై ఏళ్లుగా ఉప్పుమళ్ల చుట్టూ తిరిగిన కళ్లు అవి. చెప్పు విడిచి అంచున పాదం మోపి అడుగు గట్టితనం చూశాడు.

"ఇది రైతు పని కాదు. ఇది ఉప్పుమడి తొక్కిన కాలి పని. ఇరవై ఏళ్లుగా ఉప్పు కాస్తున్నాను, నన్నెవరూ మోసం చేయలేరు. పైరు పీకేయండి. అడుగు తవ్వి చూడాలి."

ఒక జవాను మడిలోకి దిగి మొదటి కుదురు పట్టుకున్నాడు. పున్నమికి పదిహేను రోజులే ఉన్నాయి. ఆ కంకుల్లో దాలమ్మ రెండు నెలల తొక్కుడుంది, ఊరిపెద్ద ముందు ఇచ్చిన మాటుంది, చంకలో ఉన్న పిల్ల తొలి మెతుకుంది. పార్వతిని చంకనేసుకునే మడిలోకి దూకి, జవానుకూ పైరుకూ మధ్య నిలబడింది.

"పీకండి బావూ, కాదనను. సర్కారోరు మీరు. పీకే ముందు నా మాటొకటి ఇనండి. తొక్కింది నానే. నౌపడలో పోలారావు కూతుర్ని. ఉప్పుమడి తొక్కినట్టే తొక్కినాను, అబద్దమాడను."

గట్టుమీద ఊరంతా గొల్లుమంది. ఒప్పేసుకుందే! దేముడమ్మ తల బాదుకుంది.

"చూశారా!" అన్నాడు గణపతిరావు.

"మీరు ఇరవయ్యేళ్లు ఉప్పు కాసినారు గదా బావూ. ఉప్పుమడి గట్టుమీద ఒక్క గడ్డిపోస మొలవడం ఎప్పుడైనా సూసినారా?"

గణపతిరావు వంగి తన కాళ్ల దగ్గర గట్టుమీద మొలిచిన గడ్డిని చూశాడు.

"అడుగున ఉప్పే ఊరితే నా వరి బతుకుతాదా? ఏర్లు మాడి మూడోనాడే సచ్చిపోవా? ఇంకా నమ్మకం నేకపోతే నీల్లు నోట్లో పోసుకోండి. ఊట కాడ ఒకటి, నడిమిన ఒకటి, ఆ మూల ఒకటి. ఉప్పగా తగిల్తే మీరు పీకక్కర్లేదు, నానే పీకీత్తాను."

మడిలో నీళ్లు నోట పోసుకుని ఉప్పు కట్టడానికి ఇంకా ఎన్నాళ్లుందో చెప్పగలగడం గణపతిరావు గొప్పగా చెప్పుకునే విద్య. ఊట దగ్గర వంగి దోసెడు నీళ్లు తీసుకున్నాడు, పుక్కిలించాడు, మింగేశాడు. నడుమ ఒకసారి. మూలన ఒకసారి. చివరికి అడుగున మన్ను కూడా గోటితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఆయన మళ్లీ ఊట దగ్గరికి వెళ్లి ఈసారి నాలుగు దోసిళ్లు కడుపారా తాగాడు.

"తియ్యటి నీళ్లమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంత తియ్యటి నీళ్లు మా సముద్రం ఒడ్డున కలలో కూడా దొరకవు."

జవాను కుదురు వదిలేసి గట్టెక్కాడు. అంతవరకు ఉగ్గబట్టుకున్న దేముడమ్మ ఒక్కసారిగా బావురుమంది.

"అయితే ఇందులో ఉప్పు నేదేటే? నిజింగా నేదా?"

మొదట నవ్వింది దాలమ్మ. తర్వాత నీలకంఠం. తర్వాత బొజ్జ పట్టుకుని గణపతిరావు. ఆ పైన ఊరు ఊరంతా నవ్వింది. మహాలక్ష్మమ్మ పరుగున ఇంటికి వెళ్లి, అటకమీది కుండ దింపి, ఇంకో ముంత అంబలిలో ఉప్పు కలిపి, పచ్చిమిరపకాయ నంజుకు పెట్టి మరీ తెచ్చింది. గణపతిరావు ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకున్నాడు.

"ఉప్పు తినని ఊరన్నారు?"

"ఇప్పుడే అలవాటైనాది బావూ," అంది మహాలక్ష్మమ్మ తడుముకోకుండా.

పున్నమికి మూడు రోజుల ముందు కోత కోశారు. మడి చిన్నది. నూర్చి తూర్పారబడితే ఆరు కుంచాల ధాన్యమైంది. కింది ఊళ్లో అయితే దాన్ని కోళ్లకు చల్లి ఊరుకుంటారు. ఇక్కడ ఇరవై రెండు గడపలవాళ్లూ వచ్చి ఆ చిన్న కుప్ప చుట్టూ కూర్చున్నారు, కొత్త పెళ్లికూతుర్ని చూడ్డానికొచ్చినట్టు. రెండు కుంచాలు విత్తనానికని దాలమ్మ ముందే తీసి, ఎవరెంత అడిగినా కదలకుండా దాని మీద కూర్చుంది. ధర్మారావు ఒక గింజ తీసి గోటితో ఒలిచాడు. తెల్లగా బయటపడిన బియ్యపుగింజను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ రోజు చుట్ట వెలిగించను కూడా లేదు.

"గేదెలకి ఇంకోకాడ మడుగు తవ్వుదాం," అన్నాడు. "ఈ మడి దాలమ్మది. దాని పిల్లలది."

పున్నమి వెళ్లిన అయిదోనాడు అన్నప్రాశన. మనవరాలి నోట్లో తొలి మెతుకు పెట్టడానికి పోలారావు నౌపడ నుంచి వచ్చాడు. కొండెక్కడం ఆయన జన్మలో అదే మొదలు. వచ్చినవాడు ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా మడికి పోయాడు. కోసిన మొదళ్ల మధ్య చెప్పులు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. ఒకచోట ఆగి మడమతో నొక్కి చూశాడు. ఉప్పుమళ్లలో కూతురి పనికి ఏనాడూ మెచ్చుకోలు మాట అనని మనిషి ఆయన.

"ఏటయ్యా, ఎక్కడైనా పల్లం ఉందేటి?" అంది దాలమ్మ బెరుగ్గా.

"నేదమ్మా," అన్నాడు పోలారావు. ఇంకోసారి మడమ మోపి, "నానింత బాగా తొక్కనేను," అన్నాడు. దాలమ్మ మొహం పక్కకు తిప్పుకుని, కళ్లలో దుమ్ము పడ్డట్టు కొంగుతో ఒత్తుకుంది.

ఆడవాళ్లు దంచారు, చెరిగారు, వండారు. కొత్తబియ్యం ఉడుకుతుంటే వాసన పై గడప దాకా పాకింది. ఆ వాసనకు ఊళ్లో పసిపిల్లలు కూడా ఏడుపు మానేశారని మహాలక్ష్మమ్మ తర్వాత చెప్పేది గాని, అది అత్తగారి గొప్ప, మనం సగం తీసేద్దాం. అందరూ ఆ ఇంటి ముంగిట్లో చేరారు. దేముడమ్మ అందరికన్నా ముందు కూర్చుంది.

నీలకంఠం పార్వతిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పోలారావు ఆకులో అన్నం చల్లార్చి, నెయ్యి వేసి మెత్తగా మెదిపి, వేలి కొసన కాసింత తీసి పిల్ల పెదవుల మధ్య పెట్టాడు. పార్వతి కళ్లు పెద్దవి చేసింది. కనుబొమలు ముడిచింది. మెతుకును నాలుకతో ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తోసింది, ఆలోచిస్తున్నదానిలా ఆగింది. ఉమ్మేస్తుందేమోనని దాలమ్మ రెండు చేతులూ గుండెకు అదుముకుంది. ఆ క్షణంలో జమేదారు ఎదుట కూడా వేయనంత భయం వేసింది ఆమెకు.

పిల్ల గొంతు చిన్నగా కదిలింది. ఆ తర్వాత, గూట్లో పిట్టపిల్లలా, నోరు మళ్లీ తెరిచింది.

"మింగీసినాది!" అని దాలమ్మ పెట్టిన కేక కొండ కింద మేస్తున్న గేదెలకు కూడా వినపడింది. "మింగీసినాది నా తల్లి! మనూరి మెతుకే, మనూరి మెతుకే!" అంటూ నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏది నవ్వో ఏది ఏడుపో ఆమెకే తెలియడం లేదు. మహాలక్ష్మమ్మ కోడల్ని పట్టుకుని తనూ ఏడ్చేసింది. పార్వతికి ఇవేవీ పట్టలేదు. తాత వేలు ఇంకా రాలేదేమని కాళ్లు తపతపా కొట్టుకుంటూ, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచింది.